బేరంలో తగ్గేది లోతే

2022 ఆగస్టులో ఒక సాయంత్రం మా నాన్న పెరట్లోని గజీబో అనే మండపం కింద మోకాళ్ల మీద కూర్చుని, తూర్పు మూల స్తంభం పక్కన నేలలో పడిన నెర్రెలోకి చెయ్యి పెట్టారు. మణికట్టు దాకా వెళ్లింది. చెయ్యి బయటికి తీసి, వేళ్లకు అంటిన మట్టిని బొటనవేలితో నలిపి చూశారు. “ఇక్కడ గుంత ఎంత లోతు తీశారమ్మాయ్?” అని అడిగారు. రెండడుగులు అన్నాను. “రేగడిలో రెండడుగులా?” అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. లేచి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లిపోయారు.

నాన్నది పల్నాడు. నలభై ఏళ్లకు పైగా నల్లరేగడిలో పత్తి, మిరప పండించిన మనిషి. మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న కోలిన్ కౌంటీలో. ఈ నేలా ఆ నేలా ఒకటేనని ఆయన మట్టి నలిపి చెప్పారు. తర్వాత చదివి చూస్తే అది అక్షరాలా నిజం. ఈ ప్రాంతాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఇక్కడి మట్టిలో ప్రసిద్ధమైనది హ్యూస్టన్ బ్లాక్, టెక్సస్ రాష్ట్ర మృత్తికగా చెప్పుకునేది అదే. ఇళ్లు రాకముందు ఇక్కడ కూడా పత్తే పండించేవారు. మృత్తికా శాస్త్రజ్ఞులు మన రేగడినీ దీన్నీ వెర్టిసాల్స్ అనే ఒకే తరగతిలో పెడతారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఆ ఉబ్బు ఇంటి పునాదులనే ఎత్తి పడేస్తుంది. మేమేమో దాని మీద, ముందూ వెనకా చూసుకోకుండా, నాలుగు స్తంభాలు నిలబెట్టించాం.

ఈ వ్యాసం ఆ నాలుగు స్తంభాల గురించి. పెరట్లో గజీబో కట్టించుకోవాలని కాంట్రాక్టరు కోసం వెతుకుతున్న తెలుగువాళ్లు ఈ ఊళ్లలో వందల్లో ఉంటారు. వాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఒకటే: మనం ధర తగ్గించమని పట్టుబడితే కాంట్రాక్టరు తగ్గించేది కంటికి కనిపించని చోట. కనిపించనిది నేల కింద ఉంటుంది.

గజీబో అంటే మరేమీ కాదు, మనం మండపం అనేదే. నాలుగు కాళ్లు, పైన కప్పు, గోడలుండవు. తిరుపతిలో నాలుగు కాళ్ల మండపం చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మాకు దాని అవసరం నాన్న వల్లే వచ్చింది. అమ్మ పోయాక ఆయన ఏటా వేసవికి వచ్చి ఆరు నెలలు మాతో ఉంటున్నారు. ఊళ్లో ఆయనకు అరుగు ఉంది, అరుగు ముందు వేపచెట్టు ఉంది, సాయంత్రమైతే వచ్చి కూర్చునే నలుగురు మనుషులున్నారు. ఇక్కడ ఏసీ గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని బయటికి చూస్తూ కూర్చునేవారు. పెరట్లో నీడ లేదు. మేం నాటిన ఓక్ మొక్క నీడనిచ్చేసరికి ఇంకో పదిహేనేళ్లు పడుతుంది. ఆయనకు బయట కూర్చునే చోటు ఒకటి కావాలి. అంతే.

2021 ఏప్రిల్‌లో ముగ్గురిని పిలిపించాం. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, దేవదారు జాతి కర్ర, పైన ఇంటి కప్పుకు పరిచే పలకల్లాంటి షింగిళ్లు. ఒకాయన 19,000 డాలర్లు అన్నారు, ఇంకొకాయన 16,500, మూడో అతను 14,000. మూడో అతను మా వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మనిషి. ఫోనులో ఫొటోలు చూపించాడు, చాలా బాగున్నాయి. పది నిమిషాల్లో ధర చెప్పాడు. మావారు బేరం చేసి 12,000కు ఒప్పించారు. ఆ రాత్రి మేమిద్దరం చాలా సంతోషపడ్డాం.

19,000 చెప్పినాయన తన మొదటి పది నిమిషాల్లో ఏం చేశారో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ధర చెప్పలేదు. సన్నటి ఇనుప కమ్మీ ఒకటి తెచ్చి పెరట్లో నాలుగైదు చోట్ల గుచ్చి చూశారు. గడ్డికి నీళ్లు చిమ్మే గొట్టాలు ఎక్కడెక్కడున్నాయని అడిగారు. పక్కింటివాళ్ల పెద్ద చెట్టు కంచెకు ఎంత దూరంలో ఉందో అడుగులు వేసి లెక్కపెట్టారు. వానాకాలంలో నీళ్లు ఏ మూల నిలుస్తాయని అడిగారు. ఇదంతా ధర పెంచడానికి చేస్తున్న హడావిడి అనుకున్నాం. మా పెరట్లోకి వచ్చిన ముగ్గురిలో నేలను చూసినవాడు ఆయన ఒక్కడే అని మాకు తట్టలేదు.

ఇక్కడ ఆ సంవత్సరం సంగతి చెప్పాలి. కరోనా తర్వాత ఇళ్ల పనులు ఒక్కసారిగా పెరిగి, రంపపు మిల్లులు అందుకోలేక, అమెరికాలో కలప ధరలు అంతకు ముందెన్నడూ లేనంతగా పెరిగాయి. 2021 మే నాటికి ముందస్తు వ్యాపారంలో (ఫ్యూచర్స్‌లో) వెయ్యి బోర్డు అడుగుల (ఇక్కడి కలప కొలత) ధర 1,600 డాలర్లు దాటింది. అంటే మేం బేరమాడుతున్న రోజుల్లో కాంట్రాక్టరు కలప ఖర్చు రోజురోజుకూ పెరుగుతోంది, మేమిచ్చే సొమ్ము మాత్రం 2,000 తగ్గింది. మధ్యలో ఆ తేడా ఎక్కడ సర్దుకోవాలి? కర్ర సన్నం చేస్తే మాకు కనిపిస్తుంది. షింగిళ్లు నాసిరకానివి వేస్తే కనిపిస్తుంది. గుంత లోతు మాత్రం కనిపించదు. కాంక్రీటు పోశాక రెండడుగుల గుంతా ఎనిమిదడుగుల గుంతా పైనుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయి, అడుగు వెడల్పున బూడిదరంగు బిళ్ల.

అతన్ని దొంగ అనను. మేం సంతకం పెట్టిన కాగితం ఒకటే పేజీ. అందులో పొడవు, వెడల్పు, కర్ర, షింగిళ్లు, రంగు, సగం డబ్బు ముందు, సగం పని అయ్యాక అని ఉంది. లోతు గురించి ఒక్క అక్షరం లేదు. మేం అడగలేదు, అతను రాయలేదు. నాలుగు రోజుల్లో కట్టేశాడు. గృహప్రవేశంలాగా కింద కూర్చుని పులిహోర తిన్నాం. ఆ వేసవంతా అందంగా నిలబడింది.

రేగడిలో మొదటి ఏడాది అన్నీ నిలబడతాయి. అసలు మోసం అక్కడే ఉంది, అది మనిషి చేసేది కాదు, మట్టి చేసేది. మా పెరట్లో పడమటి రెండు స్తంభాలు పూలమొక్కల పక్కన ఉన్నాయి, అక్కడికి వారానికి రెండుసార్లు నీళ్లు అందుతాయి. తూర్పు రెండూ కంచె వైపు, పక్కింటి చెట్టు వేళ్లు నేలలో తడినంతా లాగేసుకునే చోట. పడమర నేల ఉబ్బి ఉంది, తూర్పు నేల ఎండి కుంగింది. నాలుగు కాళ్లూ ఒకే ఎత్తున కదిలితే బాధ లేదు. ఇవి ఒక్కొక్కటి ఒక్కో తీరున కదిలాయి. 2022 వేసవికి తూర్పు మూల స్తంభం అంగుళంన్నర దిగింది. పైన దూలం కలిసే చోట కర్ర చీలింది. కప్పు మధ్య గీత వంకర పోయింది. గాలి వీచినప్పుడల్లా కిర్రుమని చప్పుడు. నాన్న కుర్చీ తీసుకెళ్లి ఇంటి గోడ పక్కన వేసుకోవడం మొదలుపెట్టారు. ఎండైనా సరే ఆ కింద కూర్చోలేదు.

మొదటి కాంట్రాక్టరుకు ఫోను చేశాం. రెండుసార్లు వస్తానన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

అప్పుడు సిగ్గు విడిచి 19,000 చెప్పినాయనకు ఫోను చేశాను. వచ్చారు. ఏమీ దెప్పలేదు. ఒక మాట చెప్పారు, అది నేను రాసుకున్నాను: ఈ మట్టిలో రెండే దారులు, ఒకటి తడి మారని లోతుకు దిగడం, రెండోది నాలుగు కాళ్లనూ గట్టి పలక మీద కలిపి నిలబెట్టి, కదిలితే అన్నీ కలిసి కదిలేలా చేయడం. ఈ రెంటికీ మధ్యలో ఉన్నదేదీ పని చేయదు. నాన్నకు తెలుగులో చెప్పాను. నాన్న తలూపి, “మన దగ్గరా అంతే, సుద్ద తగిలేదాకా తవ్వాలి, లేకపోతే రేగడి తీసేసి ఇసుక నింపాలి” అన్నారు. అది నేను కాంట్రాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాను. సుద్ద అన్న మాట దగ్గర ఆయన నవ్వి, ఇక్కడ కూడా కింద ఉన్నది సుద్దే అన్నారు. డాలస్ నుంచి ఉత్తరానికి సాగే తెల్లటి సుద్దరాయి పొర ఒకటుంది, ఆస్టిన్ చాక్ అంటారు. ఇక్కడి నల్లమట్టి చాలాచోట్ల దాని మీదే పరుచుకుని ఉంది.

పల్నాటి రైతూ టెక్సస్ కాంట్రాక్టరూ ఒకరి భాష ఒకరికి రాకుండా ఒకే మాట అన్నారు. ఇందులో వింతేమీ లేదు. రేగడిలో కట్టుకునేవాళ్లందరూ ఎక్కడున్నా ఇదే నేర్చుకుంటారు. మన దేశంలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ మట్టి కోసమే అడుగున గంటలాగా వెడల్పుగా ఉండే కాంక్రీటు స్తంభాలను రూపొందించింది, వాటికి భారతీయ ప్రమాణం కూడా ఉంది. టెక్సస్‌లోనూ అలాంటి గంట ఆకారపు స్తంభాలు పెద్ద కట్టడాల కింద వేస్తారు. తెలిసిన విద్యే. తెలిసినవాణ్ని మేం ధర చూసి వెనక్కి పంపాం.

అక్టోబరులో పని మొదలైంది. మొదటి రోజు ఎవరూ పార పట్టలేదు. ఆయన 811కు ఫోను చేశారు. అమెరికాలో ఎక్కడ తవ్వాలన్నా ముందు ఈ నంబరుకు చెప్పాలి, డబ్బేమీ తీసుకోరు, టెక్సస్‌లో కనీసం రెండు పనిదినాల ముందు చెప్పాలి. వాళ్లు ఆయా కంపెనీలకు కబురు పెడితే మనుషులొచ్చి నేలలో ఏ తీగ ఎక్కడుందో చిన్న జెండాలు గుచ్చి, రంగు చల్లి వెళతారు. కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, ఫోను, ఇంటర్నెట్ తీగలకు నారింజ, మంచినీళ్లకు నీలం, మురుగునీటికి ఆకుపచ్చ. నాన్న పొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్లి, ఈ జెండాలేమిటని అడిగారు. చెప్పాను. ఆయన పసుపు జెండాల వరస వెంట నడుచుకుంటూ వెళ్లి పాత స్తంభం దగ్గర ఆగారు. జెండాకూ పాత గుంతకూ మధ్య ఆయన రెండు పాదాలు పట్టాయి. మొదటిసారి తవ్వినప్పుడు ఎవరూ 811కు చెప్పలేదు. అమ్మ ఫొటో ఉన్న గది కిటికీ ఆ గుంతకు పది అడుగుల దూరం. ఇప్పటికీ తలచుకుంటే నాకు గుండె దడదడలాడుతుంది.

కప్పు విప్పి, కర్రలు పక్కన పేర్చి, పాత కాంక్రీటు దిమ్మలను గొలుసు కట్టి యంత్రంతో పీకారు. నాలుగూ గడ్డి మీద వరసగా పడుకోబెట్టారు. పుట్టగొడుగుల్లా ఉన్నాయి, పైన వెడల్పు, కింద సన్నం. పారతో తవ్వితే గుంత పైభాగం వెడల్పవుతుంది, కాంక్రీటు ఆ ఆకారమే తీసుకుంటుంది. ఉబ్బిన మట్టి ఆ వెడల్పు అంచు కిందికి చేరి దిమ్మను పైకి తోస్తుందని ఆయన చెప్పారు. అందుకే కొత్త గుంతల పైభాగంలో అట్టగొట్టం దింపి, అంచులు నిలువుగా ఉండేలా చూశారు.

తర్వాత పెద్ద మరలాంటి తొలిచే యంత్రం వచ్చింది. అడుగు వెడల్పు. తిరుగుతూ దిగుతుంటే చుట్టూ నల్లమట్టి గుట్టగా పేరుకుంది. మూడడుగులు, నాలుగు, ఐదు, అంతా నలుపే, జిగటగా, మెరుస్తూ. ఆరడుగుల దగ్గర పసుపు కలిసింది. ఏడడుగుల దగ్గర మర పైకి లేపితే దాని రెక్కలకు తెల్లటి ముద్ద అంటుకుని వచ్చింది. నాన్న కుర్చీలోంచి లేచి, “అదిగో సుద్ద” అని తెలుగులో గట్టిగా అన్నారు. యంత్రం నడుపుతున్న అబ్బాయికి తెలుగు రాదు, అయినా బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇంకో అడుగు సుద్దలోకి దింపి ఎనిమిదడుగుల దగ్గర ఆపారు. నేను టేపు దింపి కొలిచాను. నాలుగు గుంతలూ కొలిచాను. కొలుస్తుంటే ఎవరూ నొచ్చుకోలేదు.

ఇక లెక్క చూడండి. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంతలు నాలుగింటికి 80 పౌన్ల కాంక్రీటు బస్తాలు సుమారు 11 పడతాయి. ఎనిమిదడుగుల లోతుకు 42. తేడా 31 బస్తాలు. బస్తా ఆరు డాలర్లు వేసుకున్నా 200 డాలర్లు దాటదు. దానికి ఇనుప కడ్డీలు, యంత్రం ఒక రోజు అద్దె, ఇద్దరు మనుషుల ఒక పూట కూలి కలపండి. మేం బేరంలో మిగుల్చుకున్న 2,000 డాలర్లలో ఈ ఖర్చంతా పోయి ఇంకా మిగిలేది. రెండోసారి పనికి మాకు 9,000 అయింది. 12,000కు అది కలిపితే 21,000. మొదట్లో ఖరీదని వెనక్కి పంపిన ధర 19,000.

ఆ కాంక్రీటు బరువుకు ఇంకో పని కూడా ఉంది. గజీబోకు గోడలు లేవు కాబట్టి గాలి కింద దూరి కప్పును పైకి ఎత్తుతుంది, తిరగబడే గొడుగులాగా. ఇక్కడి వసంతకాలపు గాలివానలు చూసినవాళ్లకు తెలుసు. కప్పు బరువు నేలకు దింపడం ఒక ఎత్తు, గాలికి లేచిపోకుండా నేల దాన్ని పట్టి ఉంచడం ఇంకో ఎత్తు. 11 బస్తాలంటే 880 పౌన్లు, 42 బస్తాలంటే 3,360 పౌన్లు. అయితే ఆ బరువు పనికి రావాలంటే వాసం దూలాన్ని, దూలం స్తంభాన్ని, స్తంభం కాంక్రీటును ఇనుప పట్టీలతో పట్టుకుని ఉండాలి. ఒక్క చోట మేకులతో సరిపెట్టినా గొలుసు అక్కడే తెగుతుంది.

కర్ర గురించి పెద్దగా చెప్పేది లేదు. దేవదారు జాతి కర్ర అయినా, మందు పట్టించిన పైన్ అయినా సరైనదే. ఆరంగుళాల స్తంభం అని అమ్మేది కొలిస్తే ఐదున్నర ఉంటుంది, అది ఇక్కడి పద్ధతి, మోసం కాదు. స్తంభాన్ని మాత్రం కాంక్రీటులో పాతనివ్వకండి. ఇనుప పీట మీద, అంగుళం ఎత్తున, నీళ్లు తగలకుండా నిలబడాలి. మన మండువా ఇళ్లలో చెక్క స్తంభాల కింద రాతి దిమ్మలు పెట్టింది అందుకే.

ఈ సంగతి చెబితే చాలామంది స్నేహితులు రెండు జవాబులు చెబుతారు. మొదటిది: ఇంత గొడవెందుకు, పెద్ద దుకాణాల్లో పెట్టెల్లో గజీబో దొరుకుతుంది, శని ఆదివారాల్లో మనమే బిగించుకోవచ్చు. బిగించుకోండి, తప్పు లేదు. కానీ పెట్టెలో పునాది ఉండదు. అది కూడా ఈ మట్టి మీదే నిలబడాలి, ఈ గాలికే తట్టుకోవాలి.

రెండో జవాబు నాకు కోపం తెప్పిస్తుంది. పర్మిట్ లేకుండా చేసే మనిషిని చూసుకోండి, తొందరగా అయిపోతుంది, డబ్బూ తగ్గుతుంది అంటారు. ఎంత పెద్ద కట్టడానికి పర్మిట్ కావాలన్నది ఊరిని బట్టి మారుతుంది, అది నగరపాలక సంస్థకు ఫోను చేసి కనుక్కోవాలి. కావలసిన చోట మాత్రం తప్పించుకోకండి. టెక్సస్‌లో ఎలక్ట్రీషియనుకు, ప్లంబరుకు రాష్ట్ర లైసెన్సు ఉండాలి. ఇలా కట్టే సాధారణ కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సు అనేదే లేదు. ట్రక్కు, నిచ్చెన, ఫోను ఉన్నవాడెవరైనా కాంట్రాక్టరే. అలాంటి చోట, మీ మనిషీ కాదు, కాంట్రాక్టరు మనిషీ కాదు అనదగ్గవాడు గుంతలోకి తొంగి చూసేవాడు, పర్మిట్ ఉంటే నగరపాలక సంస్థ పంపే ఇన్‌స్పెక్టరు ఒక్కడే. మా రెండో పనికి ఆయన వచ్చారు, గుంతల్లో ఇనుము చూశారు, కొలత చూశారు, సంతకం పెట్టారు, ఆ తర్వాతే కాంక్రీటు పడింది. పావుగంట పని. ఆ పావుగంట మొదటిసారి ఉంటే మా స్తంభం దిగేది కాదు. కాలనీ సంఘం అనుమతి వేరే సంగతి, వాళ్లు చూసేది రంగు, ఎత్తు, కంచె నుంచి దూరం. అది తీసుకోవాల్సిందే గానీ అది పునాదికి పూచీ కాదు.

మా తాతగారు ఊళ్లో ఇల్లు కట్టించినప్పుడు కాగితం లేదు. మేస్త్రీకి రోజు కూలి. తాతగారు పొద్దున్నే నులకమంచం తెచ్చి పునాది గుంత పక్కన వేయించుకుని, చీకటి పడేదాకా అక్కడే ఉండేవారట. గుంత ఎంత దిగిందో, సున్నంలో ఇసుక ఎంత పడిందో ఆయన కళ్ల ముందే జరిగేది. మనకు ఇక్కడ ఆ వీలు లేదు. గుత్తకు ఇచ్చి, ఆఫీసు మీటింగులో కూర్చుని, సాయంత్రం కిటికీలోంచి చూస్తాం. మంచం వేసుకుని కూర్చోలేనివాళ్లకు కాగితం కావాలి. తాతగారి కళ్లు చూసినవన్నీ ఆ కాగితంలో ఉండాలి: గుంత లోతెంత, వెడల్పెంత, ఇనుము ఎంత, స్తంభం దేని మీద నిలబడుతుంది, వాసాలను దేనితో కడతారు, చెత్త ఎవరు తీస్తారు.

డబ్బు కూడా పనితో పాటే నడవాలి. సగం ముందు, సగం తర్వాత అన్నది నాకు అసలు నచ్చని ఏర్పాటు. కాలిఫోర్నియాలో ఇంటి పనులకు ముందుగా తీసుకునే సొమ్ము కాంట్రాక్టు విలువలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది మించకూడదని చట్టమే ఉంది. రెండోసారి మేం ఐదు భాగాలు చేశాం. సంతకం నాడు పదో వంతు. గుంతలు చూసి కాంక్రీటు పోశాక 30 శాతం. స్తంభాలు, దూలాలు లేచాక 30. కప్పు పడ్డాక 20. చివరి 10 శాతం పని పూర్తయిన 30 రోజులకు. ఆ చివరిది మా తెలివి కాదు, టెక్సస్ ఆస్తి చట్టం చెప్పిందే. కాంట్రాక్టరు కలప దుకాణానికో, కింద పనిచేసినవాళ్లకో డబ్బు ఎగ్గొడితే వాళ్లు మన ఇంటి మీద బకాయి హక్కు కోరే అవకాశం ఉంది, మనం కాంట్రాక్టరుకు పూర్తిగా ఇచ్చేసినా సరే. అందుకే పదో వంతు నెల రోజులు ఆపి ఉంచమంటుంది చట్టం. డబ్బు ముట్టిందని కలప దుకాణం నుంచి రాతపూర్వకంగా తెమ్మని కూడా అడిగాను. ఆయన అడిగినరోజే తెచ్చారు.

బీమా కాగితం అడగడం మనలో చాలామందికి మొహమాటం. ప్రైవేటు యజమానులు పనివాళ్ల ప్రమాద బీమా తీసుకోకుండా ఉండడానికి టెక్సస్ చట్టం ఒప్పుకుంటుంది. చాలా రాష్ట్రాల్లో ఇంత వెసులుబాటు లేదు. మన కప్పు మీద ఎండలో మేకులు కొడుతున్న కుర్రాడు జారి పడితే అతని ఆసుపత్రి ఖర్చు ఎవరిది? ఇది మన జేబు ప్రశ్న మాత్రమే కాదు. మన ఇంటికి వచ్చి పని చేసే మనిషి ఒళ్లు మన బాధ్యత కూడా. నాన్న రోజూ పదకొండింటికి పెద్ద చెంబుతో అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ తీసుకెళ్లి నలుగురికీ పోసేవారు. మొదటి రోజు వాళ్లు వాసన చూసి సందేహించారు. మూడో రోజు తామే గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

కాంట్రాక్టరును ఎంచుకునేటప్పుడు ఫొటోలు చూడకండి. రెండేళ్ల కిందట కట్టినవి ఎక్కడున్నాయో అడిగి వెళ్లి చూడండి. ఆగస్టులో నెర్రెలు విచ్చినప్పుడు ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. స్తంభాల మొదళ్లు చూడండి, దూలాలు కలిసే మూలలు చూడండి. ధర చెప్పేముందు మీ నేలను చూశాడా లేదా గమనించండి. చూడకుండా చెప్పిన ధర ఎంత తక్కువైనా అది మీ పెరటికి చెప్పిన ధర కాదు, ఏదో ఒక పెరటికి చెప్పిన ధర. బేరం ఆడవద్దని అనను. ఆడండి, కానీ తగ్గించిన ప్రతి వందకూ ఏది తగ్గుతుందో కాగితం మీద రాయమనండి. రంగు తగ్గించుకోవచ్చు, దీపాలు తగ్గించుకోవచ్చు, రెండడుగుల పొడవు తగ్గించుకోవచ్చు. లోతు మాత్రం తగ్గకూడదు.

మొన్న ఆగస్టు నెలాఖరుకు పెరడంతా మళ్లీ నెర్రెలు విచ్చింది. తూర్పు మూల స్తంభం పక్కన చెయ్యి పెట్టి చూశాను, వేళ్లు మొత్తం దిగాయి. ఎండిన మట్టి కాంక్రీటును వదిలేసి పక్కకు జరిగింది, బూడిదరంగు దిమ్మ అంచు నిలువుగా కిందికి కనిపిస్తోంది. కుర్చీ వేసుకుని ఎక్కి రసమట్టం దూలం మీద పెట్టాను. బుడగ రెండు గీతల మధ్య నిలిచింది. నాలుగు వైపులా పెట్టి చూశాను. ఈ ఏడాది మోకాలి ఆపరేషను వల్ల నాన్న రాలేదు, అందుకని రసమట్టం ఫొటో తీసి పంపాను. పది నిమిషాలకు ఫోను చేశారు.

“బాగుందమ్మాయ్. వాన పడ్డాక మళ్లీ ఒకసారి పెట్టి చూడు” అన్నారు.